డీజిల్ పడిన నేలలో జనుము చల్లితే

(పట్టణ గ్రంథాలయం హాలులో రైతులు, మెకానిక్‌లు, డిగ్రీ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? ఆ మూల ఫ్యాను ఒకటి ఆపేస్తే ఇంకా బాగుంటుందేమో. ఆఁ, సరే.

ఈ బల్ల మీద మూడు కుండీలు పెట్టాను. మూడింట్లోనూ ఒకే చేలో తవ్విన మట్టి. మూడింట్లోనూ ఒకే కొలత డీజిల్ కలిపాను. మొదటిదాంట్లో ఇంకేమీ వేయలేదు. రెండోదాంట్లో జనుము గింజలు చల్లాను. మూడోదాంట్లో బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, ఆ తరవాత జనుము చల్లాను. యాభై రోజులైంది. మీరు కూర్చున్న చోటినుంచే తేడా తెలుస్తోంది కదా. దగ్గరికొచ్చి చూడడం చివర్లో పెట్టుకుందాం. అప్పటిదాకా అవి అక్కడే ఉండనివ్వండి.

ముందు కువైట్ వెళ్దాం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. ఈ హాలులో కడప జిల్లా వాళ్లో, కోనసీమ వాళ్లో ఉంటే ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. మనవాళ్లు ఎందరో అక్కడ పనిలో ఉన్నారు. బస్సుల్లో జోర్డాన్ దాకా వచ్చి, అమ్మాన్‌లో విమానం ఎక్కి ఇళ్లకు చేరారు. ఆ తరవాత 1991 ఫిబ్రవరిలో వెనక్కి పోతూ ఇరాక్ సైన్యం ఆరు వందలకు పైగా చమురు బావులను పేల్చేసింది. ఆఖరి బావి మంట ఆర్పేసరికి నవంబరు వచ్చింది. మండింది మండగా, మండని చమురు ఎడారిలో పల్లాలకు పారి మడుగులు కట్టింది. వందల మడుగులు. ఇసుక మీద నల్లటి అట్ట కట్టింది.

కొన్నేళ్లు గడిచాక, అక్కడి విశ్వవిద్యాలయంలో సూక్ష్మజీవుల మీద పనిచేసే సమీర్ రద్వాన్, ఆయన సహచరులు ఆ నేలలో తిరుగుతూ ఒక మొక్కను గమనించారు. దాని శాస్త్రీయ నామం సెనేసియో గ్లాకస్. మన చామంతి కుటుంబంలోదే, పసుపు పూలు పూస్తుంది. నూనె ఇంకిన ఇసుకలో అది బతికే ఉంది. పీకి చూశారు. చుట్టూ ఇసుకంతా చమురు, వేళ్లు మాత్రం శుభ్రంగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ వేళ్లను అంటిపెట్టుకున్న ఇసుకను పరీక్షిస్తే, చమురును తినే బాక్టీరియా దాన్నిండా ఉన్నాయి. 1995లో ఆ సంగతి నేచర్ అనే శాస్త్ర పత్రికలో అచ్చయింది.

ముప్పై ఏళ్లు నేలశాస్త్రం పాఠాలు చెప్పాను. ఈ ఒక్క ఉదంతం చెప్పిన రోజు క్లాసులో ఎవరూ గడియారం చూసేవారు కారు. ఎందుకంటే ఇందులో మనం మామూలుగా పడే పొరపాటు ఒకటి తేలిపోతుంది. "మొక్కలు కాలుష్యాన్ని పీల్చేస్తాయి" అని పేపర్లలో రాస్తుంటారు. డీజిల్ విషయంలో అది సరికాదు. మొక్క డీజిల్ తాగదు. తాగితే చస్తుంది. తినేది వేరు పక్కన కాపురముండే సూక్ష్మజీవి. మొక్క ఆ సూక్ష్మజీవికి ఇల్లు కట్టిస్తుంది, అన్నం పెడుతుంది, గాలి వచ్చే దారి చేస్తుంది.

వేరు చుట్టూ ఉండే ఆ సన్నటి పొరకు రైజోస్ఫియర్ అని పేరు. 1904లో జర్మనీలో లోరెంజ్ హిల్ట్‌నర్ పెట్టిన పేరది. ఆకు ఎండలో వండుకున్న చక్కెరలో చెప్పుకోదగ్గ వాటా వేరు ద్వారా మట్టిలోకి కారిపోతుంది. చక్కెరలు, ఆమ్లాలు, రాలిపోయిన వేరు పొరలు. అది చూసి సూక్ష్మజీవులు పోగవుతాయి. పెళ్లి పందిరి దగ్గర జనం చేరినట్టే. వేరుకు దూరంగా ఉన్న మట్టిలో కంటే ఆ కొద్ది మేరలో వాటి సంఖ్య ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ గుంపులో చమురు తినడం వచ్చినవి కూడా ఉంటాయి. బయటినుంచి తేవక్కరలేదు, ప్రతి నేలలోనూ ఎంతోకొంత ఉంటాయి. భూమి తనంతట తాను చమురును కొన్ని కోట్ల ఏళ్లుగా ఊట లాగా పైకి వదులుతూనే ఉంది కదా, దాన్ని తినే నోళ్లు కూడా అన్నాళ్లనుంచీ ఉన్నాయి. 1946 నాటికే అమెరికాలో క్లాడ్ జోబెల్ అనే శాస్త్రవేత్త, చమురును తినగల సూక్ష్మజీవులు వంద జాతుల దాకా ఉన్నాయని లెక్క చెప్పాడు.

ఎలా తింటాయి? డీజిల్ అంటే ఎక్కువగా పది నుంచి ఇరవై పైచిలుకు కార్బన్ పరమాణువులు గొలుసుగా ఉన్న పదార్థాలు. బాక్టీరియా ఆ గొలుసు చివర ఒక ఆక్సిజన్ తగిలిస్తుంది. అది ఆల్కహాల్ అవుతుంది. ఇంకా ముందుకెళితే కొవ్వు ఆమ్లం అవుతుంది. అక్కడినుంచి రెండేసి కార్బన్లు తుంచుకుంటూ పోతుంది. మనం అన్నంలో వేసుకున్న నెయ్యి మన ఒంట్లో అరిగే దారి కూడా ఇదే. చివరికి మిగిలేది బొగ్గుపులుసు గాలి, నీరు, కాస్త బాక్టీరియా శరీరం. తిన్నగా ఉన్న గొలుసులు తొందరగా పోతాయి. కొమ్మలున్నవి ఆలస్యం. వలయాలుగా కలిసిన అణువులు అన్నిటికంటే మొండివి.

మరి అన్ని నేలల్లోనూ అవి ఉన్నప్పుడు, ఇంజను షెడ్డు దగ్గర నల్లమచ్చ ఏళ్ల తరబడి అలాగే ఎందుకుంటుంది? ఈ ప్రశ్న నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

మా నాన్నగారికి కాలవ గట్టు మీద ఆయిల్ ఇంజను ఉండేది. ఒక వేసవిలో డ్రమ్ము కింద చిల్లు పడి, తెల్లారేసరికి డీజిలంతా నేలపాలైంది. ఆయన ఆ సొమ్ము గురించి బాధపడ్డారుగానీ, నేల గురించి అప్పట్లో ఎవరికి పట్టింది? ఆ మచ్చమీద ఏదీ మొలిచేది కాదు. కొత్తమట్టి రెండు గంపలు పోశారు, వానకు అది కొట్టుకుపోయింది. నేను హైస్కూలుకు వచ్చాక చూస్తే, ఒక వైపునుంచి గరిక పాకుతూ వస్తోంది. ఒక్క వైపునుంచే. ఆ వైపున మా పెంటకుప్ప ఉండేది. వాన పడినప్పుడల్లా కుప్పలోంచి కారిన ఎర్రనీళ్లు ఆ అంచుకు చేరేవి. రెండోవైపు అలాగే బోడిగా ఉండిపోయింది. దాని అర్థం నాకు కాలేజీలో చేరాక గానీ తెలియలేదు.

ఇదిగో, ఈ పళ్లెంలో చూడండి. ఇది డీజిల్ కలిపి ఆరబెట్టిన మట్టి. దీనిమీద నీళ్లు వదులుతున్నాను. చూశారా, తామరాకు మీద బొట్టులాగా దొర్లిపోతోంది. ఇంకడం లేదు. మట్టి రేణువుల చుట్టూ నూనె పొర పట్టేసింది. అంటే వాన పడినా ఆ నేలకు దాహం తీరదు. నీరు దిగదు, గాలి ఆడదు. తిండి ఎదురుగా గుట్టలుగా ఉన్నా బాక్టీరియాకు నీళ్లు లేవు, ఊపిరి లేదు. ఇది మొదటి అడ్డు.

రెండో అడ్డు నత్రజని. రైతులకు ఇది నేను చెప్పక్కరలేదు. పచ్చి వరిగడ్డి దుక్కిలో కలిపేసి వెంటనే నారు వేస్తే ఏమవుతుంది? పైరు పసుపు తిరుగుతుంది. ఎందుకు? గడ్డినిండా కార్బనే, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమ ఒళ్లు కట్టుకోవడానికి నేలలో ఉన్న నత్రజనినంతా లాగేసుకుంటాయి. పైరుకు మిగలదు. డీజిల్ వరిగడ్డి కంటే ఘోరం. దాంట్లో బరువుకి నూటికి 86 పాళ్లు కార్బన్, నత్రజని ఉన్నా లేనట్టే. అందుకే నా రెండో కుండీలో జనుము మొలిచిందిగానీ, చూడండి, ఎంత పాలిపోయి ఉందో.

చమురు పడిన నేలను శుద్ధి చేసేవాళ్లు ఒక నిష్పత్తి వాడతారు. వంద పాళ్లు కార్బన్‌కు పది పాళ్లు నత్రజని, ఒక పాలు భాస్వరం. ఇదేమీ రాతిమీద గీత కాదు, చాలాచోట్ల అందులో సగం నత్రజనితో కూడా పని జరుగుతుంది, ఎందుకంటే కార్బన్‌లో చాలా భాగం గాల్లోకి పోతుంది. అయినా అంచనాకి పనికొస్తుంది. లెక్క వేద్దాం, విద్యార్థులు రాసుకోండి.

ఒక 200 లీటర్ల డ్రమ్ము ఒక సెంటు నేలలో ఒలికిందనుకోండి. అరడుగు లోతుదాకా ఇంకిందనుకుందాం. ఆ అరడుగు మట్టి బరువు దాదాపు ఎనిమిదిన్నర టన్నులు. డీజిల్ బరువు 166 కిలోలు. అంటే నూటికి రెండు పాళ్లు. ఇది బాగా ఎక్కువే, కానీ మొక్క మొలవలేనంత కాదు. ఈ డీజిల్‌లో కార్బన్ 143 కిలోలు. పదో వంతు నత్రజని అంటే 14 కిలోలు. మన పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు ఉంటుంది. అంటే రెండు మూడు టన్నుల ఎరువు. ఒక ట్రాక్టరు ట్రక్కు అనుకోండి. ఒక సెంటుకి! ఎకరానికి వేసేది తెచ్చి సెంటులో వేయాలన్నమాట. అందుకే రెండు చేతులతో పేడనీళ్లు చిలకరిస్తే నేల బాగుపడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అందులో సగంతో మొదలుపెట్టి, నెలా రెండు నెలలకోసారి మిగతాది వేసుకుంటూ పోవాలి.

యూరియా వేస్తే ముప్పై కిలోలతో అయిపోతుంది కదా అని ఆ పెద్దాయన చెయ్యెత్తారు. అవునండి, లెక్కకు సరిపోతుంది. ఒక్కసారిగా మాత్రం వేయకూడదు. ఉప్పు ఎక్కువై, ఉన్న బాక్టీరియా కూడా చచ్చిపోతుంది, మిగిలింది నైట్రేటుగా మారి బావిలోకి దిగుతుంది. కొద్దికొద్దిగా, పదును మీద వేయొచ్చు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికినప్పుడు కూడా ఒడ్డున రాళ్లమీద ఎరువే చల్లారు. అక్కడ సహజంగా ఉన్న బాక్టీరియాకే ఆ ఎరువు అందింది. కానీ పశువుల ఎరువు ఇంకో పని చేస్తుంది. మట్టిని గుల్ల చేస్తుంది, తేమ పట్టి ఉంచుతుంది, కొత్త సూక్ష్మజీవులను మోసుకొస్తుంది. నూనె పట్టిన మట్టికి ఆ గుల్లతనమే ప్రాణం.

ఎందుకంటే మూడో అడ్డు గాలి. ఒక కిలో డీజిల్ పూర్తిగా అరగాలంటే దాదాపు మూడున్నర కిలోల ఆక్సిజన్ కావాలి. మన 166 కిలోలకు 560 కిలోలు దాటుతుంది. అంత ఆక్సిజన్ రెండు వేల ఘనపు మీటర్ల గాలిలో ఉంటుంది. ఈ హాలు పొడవు ఇరవై మీటర్లు, వెడల్పు పది, ఎత్తు ఐదు అనుకుంటే ఇలాంటి హాళ్లు రెండింటి గాలి ఒక సెంటు నేలలోకి దిగాలి. ఒక్కరోజులో దిగదు. అందుకే పదిహేను రోజులకోసారి పారతో తిరగేయాలి. వరి ఊకో, కొబ్బరిపీచు పొట్టో, చెరుకుపిప్పో కలిపితే సందులు ఏర్పడతాయి. నీళ్లు పెట్టాలిగానీ మాగాణి మడిలాగా నిలబెట్టకూడదు. ముద్దచేసి విడిస్తే విరిగిపోయే పదును. అంతే.

ఇక మొక్కల సంగతి. నా ఓటు జనుముకి, జీలుగకి, పిల్లిపెసరకి. మీరు పచ్చిరొట్టకు వేసేవే. వాటి వేరు బుడిపెల్లో నత్రజని తయారవుతుంది, కాబట్టి నత్రజని కరువున్న నేలలో అవి నిలదొక్కుకుంటాయి. అయితే మొదట్లో, బుడిపెలు కట్టేదాకా, వాటికీ కొంచెం ఎరువు కావాలి. గడ్డిజాతులకు ఇంకో బలం ఉంది. వాటి వేళ్లు జుట్టులాగా అల్లుకుంటాయి, ప్రతి సందులోకీ దూరతాయి. గరిక, జొన్న, వట్టివేరు. వట్టివేరు మంచి నేలల్లో మనిషెత్తు దాటి లోతుకు పోతుంది. అస్సాం చమురు క్షేత్రాల పక్కన సహజంగా మొలిచే మొక్కలను పరిశోధకులు పరీక్షిస్తే, బాగా పనిచేసినవాటిలో మన తుంగ ఉంది. రైతు జీవితమంతా పీకి పీకి విసిగిపోయే తుంగ! దానికి ఇక్కడ కొలువు దొరికింది. నేను ఆ కాగితం చదివిన రోజు మా నాన్నగారు ఉండి ఉంటే చెప్పేవాడిని కదా అనిపించింది.

అస్సాం పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆసియాలో మొదటి చమురు శుద్ధి కర్మాగారం 1901లో దిగ్‌బోయ్‌లోనే మొదలైంది. ఆ రాష్ట్రపు నేలలు వందేళ్లకు పైగా ఈ మరక మోస్తున్నాయి. 2020 మే 27న బాగ్‌జాన్‌లో బావి బద్దలైంది, జూన్ 9న అంటుకుంది, నవంబరులోగానీ అదుపులోకి రాలేదు. పక్కనే మాగురి మోటాపుంగ్ అనే చిత్తడి నేల, తేయాకు తోటలు, పొలాలు. మనకు ఇది దూరమనిపించొచ్చు. 1995లో పాశర్లపూడి బావి అరవై రోజులకు పైగా మండినప్పుడు కోనసీమ ఎలా నిద్రపోయిందో ఆ చుట్టుపక్కల వాళ్లను అడగండి. అది గ్యాసు, నేలలో ఇంకలేదు. కానీ అదే కోనసీమలో పైపులైను కారి వరిచేలో, కొబ్బరితోటలో ముడిచమురు చేరిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు నష్టపరిహారం మాట వస్తుంది. రావాల్సిందే. కానీ ఆ మట్టికి తరవాత ఏం చేశారు అన్న ప్రశ్న ఎవరూ అడగరు. రైతులు అడగాలి. చెక్కుతో పాటు, శుద్ధి అయినట్టు పరీక్ష కాగితం కూడా చేతికి తీసుకోవాలి.

కడమ దినుసులు త్వరగా చెప్పేస్తాను. కోళ్ల ఎరువులో నత్రజని ఎక్కువ, పచ్చిది వేస్తే వేడిచేస్తుంది, మాగబెట్టి వేయండి. వర్మీకంపోస్టు మంచిదేగానీ అంత నేలకు ఖరీదు. వేపచెక్క ఇక్కడ మొదటి ఎంపిక కాదు, నేలలో కొన్ని సూక్ష్మజీవుల పనిని అది నెమ్మదింపజేస్తుంది. పొలంలో అది గుణమే, ఇక్కడ మనకు వాటి పనే కావాలి. బొగ్గుపొడి, అంటే బయోచార్, విషాన్ని పట్టి ఉంచి మొక్కకు ఊరటనిస్తుంది. కానీ పట్టి ఉంచడం వేరు, అరిగించడం వేరు. ఢిల్లీలోని టెరి సంస్థ చమురు తినే బాక్టీరియాను పెంచి, మొక్కజొన్న కండెల పొడిలో కలిపి ఆయిల్‌జాపర్ అనే పేరుతో తయారుచేసింది, చమురు కంపెనీల బురదగుంటల్లో వాడారు. పెద్ద గుంటలకు అది ఉపయోగం. మీ షెడ్డు వెనక మచ్చకు ఉన్న బాక్టీరియా చాలు.

కుంకుడుకాయ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందికి ఇష్టమైన చిట్కా. కుంకుడులో సపోనిన్ అనే నురగ పదార్థం ఉంటుంది, తలకు పట్టిన నూనెను విడదీసినట్టే మట్టికి పట్టిన నూనెను విడదీస్తుంది. ఇందాకటి పళ్లెంలోనే కుంకుడు రసం పోస్తున్నాను. చూడండి, ఇంకిపోయింది. బాక్టీరియాకు నూనె చిన్న చిన్న బొట్లుగా అందుతుంది, మంచిదే. అయితే విడదీసిన నూనె ఎక్కడికి పోతుంది? ఇసుకనేల అయితే నీళ్లతోపాటు తిన్నగా కిందికి, మీ బావిలోకి. అందుకని తవ్వి తీసిన మట్టిని తొట్టిలోనో, మందపాటి ప్లాస్టిక్ పట్టా మీదో పోసి శుద్ధి చేస్తుంటేనే కుంకుడు వాడండి. నేలమీద నేరుగా పోయకండి.

బావి మాట ఊరికే అనలేదు. మా బంధువుల ఊళ్లో ఒక బంకు ఉండేది. భూమిలో ట్యాంకు ఎప్పటినుంచి కారుతోందో తెలియదు, పక్కింటి బావినీళ్లు కిరసనాయిలు కంపు కొట్టేదాకా ఎవరూ ఒప్పుకోలేదు. ఆ ఇంటామె బిందె నా ముక్కు దగ్గర పెట్టి "ఇది తాగమంటారా బాబూ" అని అడిగింది. నేను చదువుకున్నవాణ్ణి కదా అని అడిగింది. అక్కడ జనుము చల్లితే ఏం లాభం? నూనె ఇరవై అడుగుల కింద ఉంది, వేరు మూడడుగుల్లో ఆగిపోతుంది. వేరు చేరలేని చోట వేరు వైద్యం లేదు.

ఇది ఎంత పెద్ద సంగతో నైజీరియాలో ఓగోనీలాండ్‌ను చూస్తే తెలుస్తుంది. నైజర్ నది డెల్టా అది. దశాబ్దాలపాటు పైపులైన్లు కారాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం రెండు వందలకు పైగా చోట్ల పరీక్షించి 2011 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. అక్కడ చమురు సంస్థ ఏళ్లుగా చేస్తున్న శుద్ధి పద్ధతి మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నదానికి దగ్గరి చుట్టమే. పైమట్టిని తిరగేసి, ఎరువు కలిపి, కుప్పలుగా పోసి, సూక్ష్మజీవులకు వదిలేయడం. నివేదిక ఏం తేల్చిందంటే, శుద్ధి పూర్తయిందని రికార్డుల్లో రాసుకున్న 15 చోట్లను పరీక్షిస్తే, 10 చోట్ల కాలుష్యం హద్దు దాటే ఉంది. పైమట్టికి ఎరువు కలుపుతుంటే, వానకు నూనె కింది పొరల్లోకి దిగిపోయింది. కొన్నిచోట్ల ఐదు మీటర్ల లోతున కూడా దొరికింది. ఒక ఊళ్లో తాగే బావుల్లో, చమురులో ఉండే బెంజీన్ అనే విషం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దుకు 900 రెట్లు ఉంది. ఆ నేల, నీరు తేరుకోవడానికి 25 నుంచి 30 ఏళ్లు పడుతుందని రాశారు.

నేను ఇదంతా చదివి రెండు రోజులు మనసు బాగోక తిరిగాను. పద్ధతి అబద్ధం కాదు. లోతు చూడకుండా, కొలవకుండా, రిజిస్టరులో టిక్కు పెట్టడానికి వాడారు. ఆ ఊళ్లలో తల్లులు ఆ నీళ్లే పిల్లలకు పట్టారు. అందుకే మొదట చేయాల్సిన పని గుంట తవ్వడం. మచ్చ మధ్యలో ఒకటి, అంచున ఒకటి, మూడడుగులు తవ్వి ప్రతి అరడుగుకీ పిడికెడు మట్టి తీసి సీసాలో వేసి బిగించి, పరీక్షకు పంపండి. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, అంటే చమురు పదార్థాలన్నీ కలిపి, ఎంత అని అడగండి. పనికి ముందు ఒకసారి, ఆరునెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి. వాసన పోయిందంటే శుభ్రమైనట్టు కాదు, తేలికవి ఎగిరిపోయాయని మాత్రమే.

అయితే ఎగిరిపోయిందో, కిందికి దిగిందో, నిజంగా బాక్టీరియా తిన్నదో ఎలా చెప్పడం? విద్యార్థులకు ఇది నచ్చుతుంది. డీజిల్‌లో పదిహేడు కార్బన్ల తిన్నని గొలుసు ఒకటుంటుంది. దాదాపు అదే వేడికి మరిగే ప్రిస్టేన్ అనే కొమ్మల గొలుసు ఇంకొకటుంటుంది. ఎగిరిపోతే రెండూ కలిసే పోతాయి. బాక్టీరియా మాత్రం తిన్నగా ఉన్నదాన్ని ముందు తింటుంది, ప్రిస్టేన్‌ను వెనక్కి నెడుతుంది. కాబట్టి మొదటిది తగ్గి ప్రిస్టేన్ మిగిలితే, అక్కడ భోజనం జరిగిందని అర్థం. ఎంగిలాకు చూసి ఏం తిన్నారో చెప్పినట్టు.

ఆటోనగర్ నుంచి వచ్చినవాళ్లు మీ షెడ్డు గురించి అడుగుదామని చూస్తున్నారని తెలుసు. మీది డీజిల్ కంటే చిక్కు. వాడేసిన ఇంజన్ ఆయిల్ బరువైనది, వలయాల అణువులు ఎక్కువ, ఏళ్లు పడుతుంది. పైగా దాంట్లో లోహాలుంటాయి. జింకు నూనెలోనే కలిపి ఉంటుంది, అరిగిన ఇంజను భాగాల పొడి ఉంటుంది. పాత షెడ్లయితే సీసం కూడా. మన దేశంలో సీసం లేని పెట్రోలు అంతటా వచ్చింది 2000 ఫిబ్రవరి నుంచే. అంతకుముందు ఒలికిన సీసం ఎక్కడికీ పోలేదు, ఆ మట్టిలోనే ఉంది. డీజిల్‌ను బాక్టీరియా తినేస్తుంది, సీసాన్ని ఏ జీవీ తినదు. పొద్దుతిరుగుడు లాంటివి కొంత పైకి లాగుతాయి, కానీ లాగింది ఆకులో, కాండంలో ఉంటుంది. అప్పుడు ఆ మొక్కే ప్రమాదకరమైన చెత్త. మీ చోట నేలకు సిమెంటు చేయించి, నూనె మార్చేచోట ట్రే పెట్టి, వాడిన నూనెను లైసెన్సున్న రీసైక్లర్లకే ఇవ్వడం అన్నిటికంటే చవక వైద్యం. కాలవలో పోయొద్దు తమ్ముళ్లూ. చేతులెత్తి అడుగుతున్నాను. ఆ కాలవ కింద మావాళ్లు నారు పోసుకుంటారు.

ఇప్పుడు ప్రశ్నలు.

అమ్మాయి జీవామృతం గురించి అడిగింది. మంచి ప్రశ్న. 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, అంతే కదా. దాంట్లో సూక్ష్మజీవులు దండిగా ఉంటాయి. కానీ మనం వేసిన లెక్క గుర్తుందా, పద్నాలుగు కిలోల నత్రజని? దాంట్లో ఉండేది గ్రాముల్లో. పైగా బెల్లం కనబడితే బాక్టీరియా ముందు బెల్లమే తింటుంది, డీజిల్ జోలికి తరవాత వస్తుంది. ఎరువు వేసి, తిరగేసి, మొక్క పెట్టాక పైన పోస్తే నష్టం లేదు. అదొక్కటే పోసి ఊరుకుంటే మాత్రం మీ శ్రమ వృథా తల్లీ.

ఎంత కాలం అని ఇంకొకరు. పైపైన ఒలికిన డీజిల్, మన ఎండలు, చక్కగా పదును, గాలి, ఎరువు ఉంటే ఒకటి రెండు పంటల కాలంలో చాలాభాగం తగ్గుతుంది. మన వేడి మనకు వరం, అలాస్కాలో వాళ్లకు అది లేదు. ఆఖర్న మిగిలే పాళ్లు మొండికేస్తాయి, ఇంకో ఏడాది, రెండేళ్లు పడతాయి. మట్టి జిగురుగా, నూనె ముద్దలా ఉంటే, అంటే నూటికి ఐదు పాళ్లు దాటితే, ముందు మొక్క పెట్టకండి. తవ్వి, పట్టా మీద ఎరువు, ఊక కలిపి కుప్పేసి, తిరగేస్తూ కొన్ని నెలలు ఉంచి, తగ్గాక అప్పుడు గింజ చల్లండి.

ఆ గడ్డి పశువులకు వేయొచ్చా అని మీరు అడిగారు కదా. వద్దండి. పరీక్ష కాగితం చేతికి వచ్చేదాకా వేయొద్దు. జనుము పూతకొచ్చాక కోసి అక్కడే కలియదున్నేయండి. అదే నేలకు మళ్లీ నత్రజని. ఇంజన్ ఆయిల్ పడిన చోటైతే కలియదున్నడం కూడా వద్దు, కోసి విడిగా పెట్టాలి. ఆ చోట కూరగాయలు, ముఖ్యంగా దుంపలు, ఆకుకూరలు వేయకండి. కంచె వేసి పిల్లలు ఆడకుండా చూడండి.

సరే, కుండీల దగ్గరికి రండి. బాబూ, నువ్వు రా. మూడో కుండీలోది మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా పీకు. ఆఁ, అలా. వేళ్లు అందరికీ చూపించు. తెల్లగా ఉన్నాయి కదా. ఆ గులాబిరంగు గింజల్లాంటివి బుడిపెలు. ఇప్పుడు రెండో కుండీలోది. పొట్టివి, గోధుమరంగు, బుడిపెలు ఒకటీ అరా. మొదటి కుండీలో పీకడానికేమీ లేదు. ఇప్పుడు మూడో కుండీ మట్టి కొంచెం నలిపి వాసన చూడు. వస్తోందా? వస్తుంది. ఇంకా డీజిల్ ఉంది దాంట్లో. మొక్కను అక్కడే నరికి కలిపేసి, రేపు జొన్నగింజలు వేద్దాం.